ఎడమ మర

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. ఈ తొమ్మిదేళ్ళలో మూడు ఇళ్ళు మారాను, ఒక కంపెనీ మారాను, కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది. అది మాత్రం ఉన్నచోటే ఉంది. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. తెలిసినవాళ్ళకి చెప్పగలిగి ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

ముందే ఒక మాట. నేను దొంగతనం చేయలేదు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. చూశారా, ఇంకా మొదలుపెట్టకుండానే నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. ఈ అలవాటే నా కొంప ముంచింది అని రాయబోయాను. అదీ అబద్ధమే. నా కొంప మునగలేదు. నాది నిక్షేపంలా ఉంది. మునిగింది ఇంకొకాయనది.

మాది గుంటూరు వైపు. బొమ్మలు వేసే పిచ్చితో డిజైన్ చదివాను. ఖతార్ వచ్చి ఒక నిర్మాణ కంపెనీలో, సేఫ్టీ విభాగంలో పోస్టర్లు తయారుచేసే పనిలో చేరాను. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్ళు తాగుతూ ఉండండి, క్రేన్ కింద నిలబడకండి. ఇదే నా కళాసేవ. చిన్నప్పుడు నేను గొప్ప చిత్రకారుణ్ణి అవుతానన్న మాస్టారికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ పోస్టర్లు ఎవరూ చూసేవాళ్ళు కాదు. అరబిక్‌లో, ఇంగ్లీషులో, హిందీలో, నేపాలీలో కుక్కి కుక్కి రాసిన మాటలు. పొద్దున్నే నాలుగింటికి లేచి బస్సెక్కే మనిషి వాటిని ఎందుకు చదువుతాడు?

అప్పుడు వచ్చాడు పెద్దాయన.

ఆయన పేరు చెప్పను. బెల్జియంలో ఒక వయసువాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. పిల్లల వారపత్రికలో వారానికి రెండు పేజీల చొప్పున ఏళ్ళ తరబడి ఒక బొమ్మల కథ గీశాడు. ఒక పోస్టుమాను, అతని వెంట తిరిగే ఒక బాతు. ఆ బాతు గురించి ఎవరైనా అడిగితే ఆయన ముఖం ముడుచుకునేవాడు. ఆయన ఇష్టంగా చెప్పుకునే పని వేరే ఉంది. ఆయన తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడు. పక్క దేశాల నుంచి ఆ గనుల్లోకి వచ్చినవాళ్ళకి అక్కడి భాష వచ్చేది కాదు. దీపం ఎలా పట్టుకోవాలో, ఏ చప్పుడు వినబడితే పరుగెత్తాలో, ఒక్క అక్షరం లేకుండా వాళ్ళ కోసం బొమ్మల్లో గీశాడు పెద్దాయన. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. ఆ కాయితాలు గనితో పాటే పోయాయి. ఆయన మీద వచ్చిన వ్యాసాల్లో బాతు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, గని బొమ్మల గురించి ఒక్క వాక్యం ఉండదు. నేను వెతికాను.

భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. ఆమె దోహాలో ఒక స్కూల్లో టీచరు. మా సేఫ్టీ మేనేజరు పిల్లలు ఆ స్కూల్లోనే చదివేవారు. అలా మాటలు కలిసి, ఇంట్లో ఏసీ కింద కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయిన పెద్దాయన ఒకరోజు గడ్డిటోపీ పెట్టుకుని మా ఆఫీసులోకి వచ్చాడు. నా పోస్టర్లు చూశాడు. బాగున్నాయనలేదు, బాగాలేవనలేదు. "ఇందులో మాటలన్నీ తీసేద్దామా?" అన్నాడు.

ఎనిమిది పేజీలు గీశాడు, ఒక్కో పేజీలో వరసగా కొన్ని బొమ్మల గళ్ళు. పెన్సిలుతో ముందు గీసుకునే అలవాటు లేదు, సరాసరి సిరాతోనే. చెయ్యి కొద్దిగా వణికేది. కాయితం మీదికి వచ్చేసరికి ఆ వణుకు ఎటు పోయేదో. ప్రతి పేజీలోనూ ఒకే మనిషి. బక్కగా, పెద్ద చెవులతో, కొంచెం తొందరపాటు మనిషి. బెల్టు పెట్టుకోకుండా ఎక్కుతాడు, పడతాడు. మళ్ళీ బెల్టు పెట్టుకుని ఎక్కుతాడు. కూలీలుండే క్యాంపులో మనవాళ్ళు ఆ బొమ్మ చూసి "అరే, మన లచ్చన్న లెక్కనే ఉన్నడు" అని పేరు పెట్టేశారు. ఒక బొమ్మకి అలా పేరు పెట్టించుకోవడం నా వల్ల ఏనాడూ కాలేదు. అసూయపడ్డానా? పడ్డాను. కానీ నేను చేసినదానికి కారణం అసూయ కాదు. అసూయ అయినా కొంత బాగుండేది, దానికి కాస్త పౌరుషం ఉంటుంది. నాది ఉత్త బద్ధకం, భయం.

గీసినవాటిని అచ్చుకి పంపేముందు క్యాంపుకి వెళ్ళి మనుషులకి చూపించాలన్నాడు పెద్దాయన. గనుల దగ్గర నేర్చుకున్న పద్ధతట. బొమ్మ ముందుపెట్టి, వేలితో చూపిస్తూ కథ చెప్పమనాలి. ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాల హాల్లో కూర్చున్నాం. మనవాళ్ళు, నేపాలీలు సరిగ్గానే చెప్పారు. తర్వాత ఒక పెద్దవయసు పాకిస్తానీ వచ్చి కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. ఆయన చదివే ఉర్దూ అటునుంచే కదా. వేలు పెట్టి హిందీలో చెప్పుకుంటూ పోయాడు: ముందు బెల్టుతో పైకెక్కాడు, తర్వాత బెల్టు విప్పేశాడు, తర్వాత కిందపడ్డాడు, అయినా బెల్టు లేకుండానే మళ్ళీ ఎక్కాడు. హాలంతా నవ్వులు. ఆయనా నవ్వాడు. పెద్దాయన అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నవ్వి, అరబిక్, ఉర్దూ చదివేవాళ్ళ కోసం ఎనిమిది పేజీలూ మళ్ళీ గీస్తానన్నాడు.

"మళ్ళీ గీయడం ఎందుకు సార్, కంప్యూటర్లో అద్దంలోలాగా తిప్పేస్తే సరిపోతుంది" అన్నాను.

ఒప్పుకోలేదు. పనిచేసే చేతికి ఒక వైపు ఉంటుందని, అద్దంలో వేస్తే అది మారిపోతుందని, అలా ఎప్పుడూ చేయవద్దని చెప్పాడు. పది రోజులు అడిగాడు. ఇది ఆయన చెప్పలేదని నేను అనడానికి లేదు. స్పష్టంగా చెప్పాడు. నాకు అర్థం కూడా అయింది.

నాలుగో రోజున మేనేజరు పిలిచాడు. క్లయింటు తరఫున తనిఖీకి వస్తున్నారు, ఆదివారానికి బొమ్మలు గోడల మీద ఉండాలి, అరబిక్ వరస ముఖ్యం, రెండు రకాలు అచ్చువేయడం కుదరదు, ఒకటే వేయి, యల్లా, త్వరగా కానివ్వు. నేను "ఆయన మళ్ళీ గీస్తున్నారు" అనాలి. అనలేదు. వీసా మీద నా భార్య వచ్చి అప్పటికి రెండు నెలలు. మేనేజరు ముఖం చూస్తే చాలు, నాకు మా ఇల్లు, ఇంట్లో కొత్తగా కొన్న ఫ్రిజ్ గుర్తొచ్చేవి. సీటు దగ్గరికి వచ్చి ఎనిమిది పేజీలూ తిప్పేశాను. ఒక్కో పేజీకి ఒక్క నొక్కు.

ఇక్కడ ఒక సంగతి దాచి చెప్పొచ్చు. దాచను. తిప్పితే ఆయన సంతకం కూడా తిరగబడింది. హెల్మెట్ మీద నంబర్లు తిరగబడ్డాయి. నేను కూర్చుని, ఓపిగ్గా, సంతకాన్ని కత్తిరించి సరిచేసి అతికించాను. నంబర్లు సరిచేశాను. రెండు గంటలు పట్టింది. తొందరలో చూసుకోలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను కదా, మరి ఆ రెండు గంటలు ఏం చూసుకున్నట్టు? తప్పు దొరక్కుండా ఉండటానికి ఏమేం కావాలో అవన్నీ చూసుకున్నాను. మనిషి ప్రాణానికి సంబంధించినది చూసుకోలేదు.

అది ఆరో పేజీలో ఉంది. గ్యాస్ సిలిండరు నట్టు.

మామూలు నట్టు కుడికి తిప్పితే బిగుస్తుంది. ఇంట్లో సీసా మూత కూడా అంతే. వెల్డింగ్ గ్యాస్ సిలిండరుకి మాత్రం ఎడమ మర ఉంటుంది. ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది. ఆక్సిజన్ పైపు తెచ్చి పొరపాటున గ్యాస్‌కి తగిలించకుండా అలా పెట్టారు. కొత్తవాళ్ళు అలవాటు కొద్దీ కుడికి తిప్పుతారని వెల్డింగ్ యార్డులో ఎవరో చెబితే, పెద్దాయన ఒక పేజీ మొత్తం దానికే పెట్టాడు. బక్క మనిషి, స్పానరు, ఎడమకి తిరిగిన పెద్ద బాణం. నేను తిప్పేసరికి బాణం కుడికి తిరిగింది. మా ఆఫీసులో పదిమంది చూశారు, ఎవరికీ తేడా కనపడలేదు. ఎందుకు కనపడుతుంది? కుడికి తిప్పడమే అందరికీ అలవాటు. నిజంగా గీసిన బొమ్మ కన్నా నేను పాడుచేసిన బొమ్మే సహజంగా ఉంది.

పెద్దాయనకి ఫోన్ చేసి, "గళ్ళ వరస మాత్రం మార్చాను సార్, బాగా కుదిరింది, మళ్ళీ గీయనక్కర్లేదు" అని చెప్పాను. ఒక కాపీ పంపమన్నాడు. పంపుతాను, పంపుతాను అంటూ రోజులు గడిపాను.

దుఖాన్ రోడ్డు మీద ఇనుప చట్రాలు చేసే మా ఫ్యాబ్రికేషన్ యార్డు ఉండేది. అక్కడ గంగారాం అని ఒకాయన, జగిత్యాల వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. అంతవరకూ పరంజాలు కట్టే పనిలో ఉండి, అక్కడ పని అయిపోతే కొత్తగా యార్డుకి వేశారు. గ్యాస్ వాసన వస్తోందని ఫోర్మన్ నట్టు బిగించమన్నాడు. గంగారాం గోడ మీద బొమ్మ చూసుకుని, బాణం చూపినట్టే తిప్పాడు. బిగిసే నట్టు వదులైంది. పది అడుగుల అవతల ఎవరో ఇనుము కోస్తున్నారు, నిప్పురవ్వలు లేస్తున్నాయి. భగ్గుమంది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది, మెడ పక్కన కొంచెం. ప్రాణానికి ప్రమాదం తప్పింది.

ఆస్పత్రికి నన్నే పంపారు, తెలుగువాణ్ణి కదా అని. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు.

"సారూ, నేను నా ఇష్టమొచ్చినట్టు తిప్పలే. గోడ మీద బొమ్మల బాణం ఎటుంటే అటే తిప్పిన. బిగిస్తున్ననే అనుకున్న. ఇంటికి ఫోన్ జేస్తే, దుబాయ్‌ల చెయ్యి కాల్చుకున్నవా కొడుకా అని మా అవ్వ ఒక్కతీర్గ ఏడుస్తున్నది, ఆమెకు ఖతారైనా దుబాయే. నా తప్పేమన్న ఉన్నదా సార్?"

"లేదు గంగారాం. నీ తప్పు లేదు" అన్నాను. ఆ వారం మొత్తంలో నేను ఆడిన నిజం అదొక్కటే.

యార్డులోని పోర్టా క్యాబిన్ రేకుల గదిలో విచారణ పెట్టారు. మేనేజరు, యార్డు ఇంజనీరు, నేను, పెద్దాయన. బల్ల మీద ఆరో పేజీ పోస్టరు. ఆయన దాన్ని అచ్చులో చూడటం అదే మొదటిసారి. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో బాణం వెంట తిప్పాడు, ఒకసారి, రెండుసార్లు. మిగతా ఇద్దరి వైపూ చూడలేదు. నా వైపే చూశాడు. మేము ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. కానీ నాకు అది ఎందుకో తెలుగులోనే గుర్తుంది.

"నువ్వు దీన్ని తిప్పావా?"

"లేదు సార్. గళ్ళ వరస మార్చానంతే. ఇది మీరిచ్చినట్టే ఉంది."

"నేను ఎడమకి గీశాను."

నేను పోస్టరు అంచుని బల్ల మీద సర్దాను.

"ఎడమకి గీశాననే అనుకుంటున్నాను. నా కాయితాలు ఒకసారి చూపిస్తావా?"

"తనిఖీకి ఆఫీసు సర్దేటప్పుడు ఎక్కడో కలిసిపోయాయి సార్. స్కాన్ మాత్రమే ఉంది."

ఆయన నన్ను అలాగే చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. అనుమానం ఉన్నా బాగుండేది. నన్ను నమ్మాడు. నన్ను నమ్మి, తనని అనుమానించుకున్నాడు.

"అయితే నా బుర్రే" అన్నాడు మెల్లగా. "పోయిన నెల సూపర్ మార్కెట్ నుంచి ఇంటికి దారి మర్చిపోయాను. మా అమ్మాయికి చెప్పలేదు."

కాయితాలు ఎక్కడ ఉన్నాయో చెప్పనా? నా సీటు కింద సొరుగులో. తాళం నా జేబులో.

తర్వాత నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. తప్పు బొమ్మది అని తేలడం వల్లే కదా గంగారాం మీద నింద పడకుండా పోయిందని. నేను తిప్పానని చెప్పినా అది తేలేది. పెద్దాయనకి ఉద్యోగం లేదు, వీసా భయం లేదు, పోయేదేముంది అని. ఆయనకి పోయినదాని ముందు నా ఉద్యోగం ఎంత? మతిమరుపు ఎలాగూ మొదలైంది కదా, నేను కొత్తగా చేసిందేముంది అని. ఇది అన్నిటికన్నా నీచమైనది. దీన్నే ఎక్కువసార్లు చెప్పుకున్నాను.

పోస్టర్లన్నీ ఒక్క పూటలో పీకించినందుకు ఆ ఏడాది సేఫ్టీ రోజున నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫోటో కూడా తీశారు. అందులో నేను నవ్వుతున్నాను.

పెద్దాయన మళ్ళీ ఆఫీసుకి రాలేదు. కారు తాళాలు తనంతట తానే తెచ్చి కూతురి చేతిలో పెట్టేశాడట. ఒంటరిగా బయటికి వెళ్ళడం మానేశాడట. మేనేజరే చెప్పాడు ఇవన్నీ. ఆమె ఒప్పందం ముగియకుండానే తండ్రిని తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బొమ్మల మనిషి, ఏం చెప్పాలనుకున్నాడో. గంగారాం ఎలా ఉన్నాడని అడిగి ఉంటాడు. ఆయన అలాంటివాడు. గంగారాం ఆరు నెలల తర్వాత అదే యార్డులో మళ్ళీ డ్యూటీలోకి వచ్చాడు, ఈ ముక్క కూడా ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆయన ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. మెయిలు ఉంది. ఏడెనిమిదేళ్ళు ఆయన బతికే ఉన్నాడు. చెప్పడానికి నాకు ఎన్ని రోజులు దొరికాయో లెక్కపెట్టుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఈ వారం వద్దు, పిల్లకి జ్వరం. ఈ నెల వద్దు, కంపెనీ మారుతున్నాను. వేసవి పోనీ. ఇలా ఒక పెద్దమనిషి పోయేదాకా వాయిదా వేశాను.

పది రోజుల క్రితం పెద్దాయన కూతురు మెయిల్ రాసింది. తండ్రి పోయి ఏడాది అయిందట. వాళ్ళ ఊరి గ్రంథాలయంవాళ్ళు ఆయన పెద్దగా ఎవరికీ తెలియని పనులన్నీ ఒకచోట చేరుస్తున్నారట, గని బొమ్మల్లో ఎక్కడైనా మిగిలినవి ఉంటే అవి, ఖతార్ బొమ్మలు. ఆ రోజుల గురించి నన్ను రెండు పేజీలు రాసిమ్మని అడిగింది. ఆయన మంచి మాటలే చెప్పేవాడట నా గురించి. రాయడానికి కూర్చున్నాను. మహానుభావుడు అని, కూలీల మనసెరిగిన కుంచె అని, సిగ్గులేకుండా ఒక పేజీ నింపాను. అల్ వుకైర్‌లో మా ఇంట్లో భోజనాల బల్ల మీద వారం రోజులుగా అదే కాయితం. నా భార్య, "రెండు పేజీలకి ఇంత విసుగెందుకండీ, మీరు కలిసి పనిచేసినాయనే కదా, ఉన్నదేదో రాసెయ్యండి" అంది. ఆమె మీద అరిచాను. పాపం, ఆమెకేం తెలుసు.

ఆ మెయిలుకి చివర ఒక ఫోటో జతచేసి ఉంది. మొదట తెరవలేదు. నిన్న తెరిచాను. ఆయన నోటుపుస్తకాలట. చివరి సంవత్సరాల్లో వేరే ఏదీ గీయలేదట, పేజీ తర్వాత పేజీ ఇదే బొమ్మట. "ఇదేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, మీకేమైనా తెలుసా?" అని అడిగింది.

నట్టు. నట్టు పక్కన నట్టు. ఒక్కో దానికీ ఒక బాణం. మొదటి పుస్తకంలో ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, కొట్టివేసి మళ్ళీ ఎడమకి, పక్కన ప్రశ్నార్థకం. తనని తాను పరీక్ష పెట్టుకుంటున్నాడు. ఎన్ని పుస్తకాల్లో ఎన్నేళ్ళు అలా పెట్టుకున్నాడో నాకు తెలియదు. ఫోటో కింది భాగంలో చివరి పుస్తకంలోని చివరి పేజీ ఉంది. అందులో బాణాలన్నీ ఒకే వైపుకి ఉన్నాయి. కొట్టివేతలు లేవు, ప్రశ్నార్థకాలు లేవు. అన్నీ కుడికే.

నేను తిప్పిన వైపుకే. ఆయన తలలో మిగిలిన ఆఖరి నిజాన్ని కూడా చివరికి నా అబద్ధానికి సరిపడా దిద్దుకుని వెళ్ళిపోయాడు.

రాసిన పేజీ చించేశాను. కంపెనీ మారినప్పుడు ఇంటికి తెచ్చి దాచిన ఎనిమిది కాయితాలూ బీరువాలోంచి తీసి, ఆరోదాన్ని ఫోటో తీసి, మెయిల్లో ఉన్న ఆమె నంబరుకి వాట్సాప్ చేశాను. కింద ఇలా రాశాను: మీ నాన్నగారు గీసింది ఇది. సరిగ్గా గీశారు. దీన్ని తిప్పింది నేను. ఆయన అడిగినప్పుడు లేదన్నది నేను. కాయితాలు పోయాయన్నది కూడా నేనే. ఆయన బుర్ర తప్పేమీ లేదు.

క్షమించమని రాయలేదు. ఆమె క్షమిస్తే ఆ పుస్తకాల్లో బాణాలు తిరగవు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చూశాను, ఆమె చదివినట్టు తెలుస్తోంది, జవాబు లేదు. వస్తుందో రాదో. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు. కానీ చెప్పాను. ఆయనకి చెప్పవలసినది ఆయన లేనప్పుడు, ఆయన కూతురికీ మీకూ చెప్పాను. ఇది చాలదని తెలుసు. అయినా ఇవాళ మధ్యాహ్నం, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, భోజనం చేసి కాసేపు నిద్రపోయాను. నిద్ర పట్టినందుకు కూడా సిగ్గేసింది.